రచన నిలుచు మార్గము: రాగిరేకు నుండి కంప్యూటరు ఫైలు వరకు

1919వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున రవీంద్రనాథ ఠాగూరు మదనపల్లెకు వచ్చి, అచ్చటి థియొసాఫికల్ కళాశాలలో కొన్ని దినములు విడిది చేసిరి. అప్పుడు ఆ కళాశాలకు ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ అను ఐరిష్ కవి. ఒకనాటి సాయంకాలము అధ్యాపకులు, విద్యార్థులు కూడి పాటలు పాడుకొను వేళ, ఠాగూరు తాము రచించిన జనగణమన గీతమును పాడి వినిపించిరి. విద్యార్థులు పల్లవిలో గొంతు కలిపిరి.

ఆ గీతము అప్పటికి క్రొత్తది కాదు. 1911 డిసెంబరు 27వ తేదీన కలకత్తా కాంగ్రెసు మహాసభలో పాడబడినది. 1912లో వంగభాషా పత్రికలో అచ్చయినది. కనుక దాని మాటలు భద్రముగనే ఉండెను. కాని పాట యన్నది మాటలు మాత్రమే కాదు గదా. కవి మదనపల్లె విడిచి వెళ్ళిన పిమ్మట, ఆ సాయంకాలము వినిపించిన బాణీ అచ్చట నిలుచుటెట్లు? విన్నవారి జ్ఞాపకమే దానికి ఆధారమైనచో, పది మంది పది విధములుగ పాడుదురు. కొంతకాలమునకు ఏది అసలో ఎవరికిని తెలియదు.

ఈ చిక్కును తీర్చిన వారు జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్. ఆమె పాశ్చాత్య సంగీతమున శాస్త్రీయముగ శిక్షణ పొందిన విదుషి. ఠాగూరు సమక్షముననే ఆ పాట స్వరములను పాశ్చాత్య పద్ధతిలో కాగితముపై వ్రాసి, కవి చేత సరిచూపించుకొనిరి. అదే విడిదిలో, ఫిబ్రవరి 28వ తేదీన, ఠాగూరు ఆ గీతమును ఆంగ్లమున ‘ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అను పేర స్వహస్తముతో వ్రాసి సంతకము చేసిరి. ఆ దస్తూరి ప్రతిబింబమును నేడు ఎందరో చూడగలుగుచున్నారు. 1950 జనవరి 24న రాజ్యాంగ సభ ఆ గీతమును జాతీయగీతముగ స్వీకరించినది.

ఇందులో మన దృష్టికి రావలసిన విషయము ఒకటి కలదు. ఒక రచనలో ఎన్ని భాగములున్నవో అన్నింటికిని ప్రతి తీయవలెను. ప్రతి తీయని భాగము పోవును. ఈ మాట ఎంత నిజమో తెలిసికొనుటకు మదనపల్లె నుండి తిరుమల వరకు పోయిన చాలును.

రాగిరేకుల కథ

తాళ్ళపాక అన్నమాచార్యులు 1408లో జన్మించి 1503లో పరమపదించిరని ప్రసిద్ధి. ఆయన ముప్పదిరెండువేల సంకీర్తనములు రచించిరని ఆయన మనుమడు చిన్నన్న వ్రాసిన చరిత్ర చెప్పుచున్నది. ఆ కాలమున రచనలకు సామాన్యమైన ఆధారము తాటాకు. అన్నమాచార్యుల కుమారుడు పెద తిరుమలాచార్యులు తండ్రి సంకీర్తనములను రాగిరేకులపై చెక్కించి, తిరుమల ఆలయములో సంకీర్తన భాండారమను ఒక రాతి అరలో భద్రపరచిరి.

రాగిని ఎన్నుకొనుటలో గొప్ప వివేకము కలదు. తాటాకును చెదపురుగు తినును, తేమ కుళ్ళబెట్టును, నిప్పు క్షణములో బూడిద చేయును. రాగిని చెద అంటదు. గాలిలోని ఆక్సిజను, తేమ, కార్బన్ డయాక్సైడులతో కలిసి రాగిపై పచ్చని పొర ఏర్పడినను, ఆ పొరయే క్రింది లోహమును చాలవరకు కాపాడును. ఇనుము వలె అది లోపలి వరకు తుప్పు పట్టిపోదు. చెక్కిన గాడి శతాబ్దముల తరబడి చెక్కుచెదరక నిలుచును.

ఆ రేకులు అట్లే నిలిచినవి. కాని చదువువారు లేకపోయిరి. 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించిన ఎ. డి. క్యాంబెల్ అను ఆంగ్లేయుడు, తిరుపతిలో రాగిరేకులపై ప్రాచీన తెలుగు వ్యాకరణము కలదని విని, వాని ప్రతులు తెప్పించెను. తీరా చూడగా అవి దేవుని స్తుతించు పాటలు. తాను వెదకిన వ్యాకరణము కాకపోవుటచే ఆయన నిరాశ చెందెను. ఆ పిమ్మట నూరేండ్ల వరకు వాని సంగతి లోకమునకు పట్టలేదు. ఇరువదవ శతాబ్దములో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వంటి వారు వానిని వెలికి తెచ్చిరి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలగు పండితులు వానిని చదివి, పరిష్కరించి, అచ్చు వేయించిరి. రెండువేలకు పైబడిన రేకులపై పండ్రెండువేలకు మించిన సంకీర్తనములు దొరకినవి. ముప్పదిరెండువేల లెక్క నిజమే అయినచో, సగము కంటె ఎక్కువ మనకు దక్కలేదు.

దక్కిన వానిలో సయితము ఒక పెద్ద లోటు కలదు. రేకులపై ప్రతి పాటకు రాగము పేరు మాత్రము చెక్కబడినది. ఆ రాగములో పాటను ఎట్లు నడిపిరో, ఏ స్వరముపై ఏ అక్షరము నిలిపిరో చెక్కలేదు. పాడువారి పరంపర తెగిపోగా, బాణీలును పోయినవి. నేడు మనము వినుచున్న అన్నమయ్య పాటల బాణీలలో అధికభాగము రాళ్ళపల్లి వారును, వారి తరువాతి వారును క్రొత్తగ కూర్చినవి. నాలుగు వందల ఏండ్లు చెడని లోహముపై మాటలు నిలిచినవి. వ్రాయని బాణీ గాలిలో కలిసినది. మదనపల్లెలో మార్గరెట్ కజిన్స్ వ్రాసిన స్వరముల విలువ ఇప్పుడు మనకు మరింత స్పష్టముగ తెలియును.

ప్రతికి ప్రతి వ్రాయించిన దొర

రాగిరేకులు చెక్కించుట ఆలయములకు, రాజులకు చెల్లినది. సామాన్య కవి రచన తాటాకుపైననే బ్రదుకవలెను. తాటాకుకు ఆయువు తక్కువ కనుక, అది జీర్ణము కాకముందే మరియొకరు క్రొత్త ఆకులపై ఎత్తి వ్రాయవలెను. ఎత్తి వ్రాయు ప్రతిసారి తప్పులు దొర్లును. ఒకరు ఒక అక్షరమును పొరపాటుగ చదువుదురు. వేరొకరు ఒక పంక్తిని దాటిపోవుదురు. మూడవవాడు ఆ తప్పులను అట్లే ఎత్తి వ్రాసి, తనవి కొన్ని చేర్చును.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చెను. మదనపల్లె తాలూకా ఆ కాలమున కడప జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు గాని అటు చేరలేదు. బ్రౌను కడపలో బంగళా కొని, పండితులకు తన జీతము నుండి వేతనములిచ్చి, తెలుగు తాళపత్రములను సేకరింపజేసెను. ఆయన పద్ధతి గమనింపదగినది. ఒక కావ్యమునకు ఒక ప్రతి దొరకగానే తృప్తి చెందక, వేరువేరు ఊళ్ళనుండి పలు ప్రతులు తెప్పించెడివాడు. పండితులు వానిని ప్రక్కప్రక్కన నుంచి పంక్తి పంక్తి సరిపోల్చి, పాఠభేదములను గుర్తించి, శుద్ధప్రతి సిద్ధము చేసెడివారు. వేమన పద్యములను 1829లో ఆయన అచ్చొత్తించెను. ఆయన సేకరణలో అధికభాగము పిమ్మట మదరాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమునకు చేరినది. ఆయన బంగళా ఉండిన చోట నేడు కడపలో ఆయన పేర భాషా పరిశోధన కేంద్రము నడచుచున్నది.

ఈ పద్ధతిలో ఒక గణిత రహస్యము దాగియున్నది. ఒక చోట మూడు ప్రతులలో రెండింట ‘కరము’ అనియు, ఒకదాన ‘కలము’ అనియు ఉన్నచో, ఆ మూడును ఒకదానినుండి ఒకటి ఎత్తి వ్రాసినవి కానప్పుడు, ‘కరము’ అసలు పాఠమై ఉండుటకు అవకాశము ఎక్కువ. ముగ్గురు వేరువేరు వ్రాయసకాండ్రు ఒకే చోట ఒకే తప్పు చేయుట అరుదు. 1950లో రిచర్డ్ హామింగ్ అను అమెరికా గణితజ్ఞుడు, యంత్రములలో దొర్లు తప్పులను యంత్రములే కనిపెట్టి దిద్దుకొను సంకేతములను ప్రకటించెను. అసలు విషయముతో బాటు మరికొంత అదనపు సమాచారమును చేర్చి, దాని సాయముతో తప్పును పట్టుట అందలి సూత్రము. కడప బంగళాలోని పండితుల పనియు ఈ జాతిలోనిదే.

నేటి తాటాకు

ఇప్పుడు మన కాలమునకు వత్తము. నేటి కవి, కథకుడు, చిత్రకారుడు, గాయకుడు తమ రచనను కంప్యూటరులోనో, సెల్ ఫోనులోనో దాచుకొనుచున్నారు. అచ్చట రచన యంతయు సున్న, ఒకటి అను రెండు అంకెల వరుసగ మారును. హార్డు డిస్కులో ఆ అంకెలు అతిసూక్ష్మమైన అయస్కాంత బిందువులు. వానిని చదువు శీర్షము, గిర్రున తిరుగు పళ్ళెముపై, వెండ్రుక మందములో వేయవ వంతుకంటె తక్కువ ఎత్తున తేలుచుండును. ఒక కుదుపుతో శీర్షము పళ్ళెమును తాకినచో అచ్చటి వ్రాత చెడును. పెన్ డ్రైవులోను, ఫోనులోను ఆ అంకెలు చిన్న చిన్న గదులలో బంధింపబడిన ఎలక్ట్రానులు. గది గోడలు విద్యున్నిరోధకములే యైనను, ఏండ్లు గడచుకొలది ఎలక్ట్రానులు కొద్దికొద్దిగ జారిపోవును. అనేక పర్యాయములు వ్రాసి చెరపినచో గోడలును బలహీనపడును. తాటాకు శతాబ్దము దాటి నిలుచుట కలదు. పెట్టెలో పడవేసిన పెన్ డ్రైవు నుండి అంత ఆయువును ఆశింపరాదు.

అయినను డిజిటల్ రచనకు తాటాకునకు లేని ఒక వరము కలదు. దాని ప్రతి అచ్చముగ అసలు వంటిదే. వేయవ ప్రతిలో సయితము ఒక్క అక్షరము తేడా రాకుండ చూచుకొనవచ్చును. ఫైలులోని అంకెలన్నింటిపైన ఒక గణితక్రియ జరిపి, చిన్న ‘సరిచూపు సంఖ్య’ రాబట్టుదురు. అసలునకు, ప్రతికి ఆ సంఖ్య ఒకటే అయినచో రెండును ఒకటే యని నమ్మవచ్చును. బ్రౌను పండితులు నెలల తరబడి చేసిన పోలికను యంత్రము క్షణములో ముగించును. కనుక లోటు సాధనములో కంటె మన అలవాటులో ఎక్కువగ ఉన్నది.

పెద్ద సంస్థలకును ఈ పాఠము అనుభవము వలననే తెలిసినది. 1998లో అమెరికాలోని పిక్సార్ స్టూడియోలో ‘టాయ్ స్టోరీ 2’ అను బొమ్మల చిత్రము తయారగుచుండగా, ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక ఆజ్ఞతో చిత్రమునకు సంబంధించిన ఫైళ్ళలో చాలభాగము చెరిగిపోయినవి. రక్షక ప్రతులు ఉన్నవి గదా యని వెదకగా, ఆ ఏర్పాటు కొంతకాలముగ సరిగా పనిచేయుట లేదని అప్పుడు బయటపడినది. సాంకేతిక విభాగమున పనిచేయుచున్న గాలిన్ సస్మన్ అను ఉద్యోగిని, ప్రసవానంతరము ఇంటినుండి పనిచేయుటకై ఒక ప్రతిని తన యింటి కంప్యూటరులో ఉంచుకొనియుండుట అదృష్టము. ఆ యంత్రమును దుప్పట్లలో చుట్టి కారులో భద్రముగ తెచ్చి, అందలి ప్రతితో పని కొనసాగించిరి. చిత్రము 1999లో విడుదలైనది.

ఈ ఉదంతములో రెండు సత్యములు కలవు. వేరొక చోట ఉన్న ప్రతియే ఆపదలో ఆదుకొనును. తెరచి చూడని ప్రతి ఉన్నదో లేదో ఎవరికిని తెలియదు.

ఒక చిన్న లెక్క

విద్యార్థులు ఈ లెక్కను స్వయముగ చేసి చూడవచ్చును. ఒక పెన్ డ్రైవు ఏడాదిలో చెడిపోవుటకో, పోవుటకో పదింట ఒక పాలు అవకాశము కలదని అనుకొందము. ఇది లెక్క సౌలభ్యమునకు తీసికొన్న అంకెయే గాని కొలిచి చెప్పినది కాదు. ఒకే ప్రతి ఉన్నచో రచన పోవు అవకాశము పదింట ఒకటి. ఒకదానితో ఒకటి సంబంధము లేని రెండు ప్రతులున్నచో, రెండును అదే ఏడాది పోవుటకు 1/10 × 1/10, అనగా నూటికి ఒకటి. మూడున్నచో వేయికి ఒకటి. ప్రతి పెరిగిన కొలది ఆపద పది రెట్లు తగ్గుచున్నది.

‘ఒకదానితో ఒకటి సంబంధము లేని’ అన్న మాటలోనే కీలకమున్నది. మూడు ప్రతులను ఒకే బీరువాలో ఉంచినచో ఒక దొంగకు మూడును చిక్కును, ఒక నిప్పురవ్వకు మూడును ఆహుతియగును. అప్పుడు గుణకారము చెల్లదు. మూడు ప్రతులు ఒకే ప్రతితో సమానము. 2024 జూలై 21వ తేదీ రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయమున చెలరేగిన మంటలలో ఎన్నో దస్త్రములు దగ్ధమైన సంగతి ఈ ప్రాంతము వారికి జ్ఞాపకమే. ఒక గదిలోనివన్నియు నిప్పునకు ఒకే లెక్క.

కనుక మదనపల్లెలో నివసించు ఒక ఉపాధ్యాయుడు తన నాటకములను కంప్యూటరులో వ్రాసికొనుచున్నాడని భావింతము. ఒక ప్రతి ఆయన కంప్యూటరులో ఉండును. రెండవది ఒక హార్డు డిస్కులో పుంగనూరులోని బావమరిది ఇంట ఉండవచ్చును. మూడవది కుప్పములో చదువుచున్న కుమార్తె వద్దనో, ఇంటర్నెట్టు ద్వారా దూరప్రాంతపు నిల్వకేంద్రములోనో ఉండవచ్చును. మదనపల్లెలోని దొంగ కుప్పమునకు పోడు; పుంగనూరులోని చెద మదనపల్లెకు రాదు. మూడు ప్రతులు, రెండు విధములైన సాధనములు, అందు ఒకటి వేరొక ఊరిలో: పీటర్ క్రోగ్ అను అమెరికా ఛాయాచిత్రకారుడు ప్రచారము చేసిన ‘3-2-1’ అను సూత్రము ఇదియే.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఫోనులోని ఫోటోలు ఇంటర్నెట్టు ఖాతాలోను కనబడుచున్నవి గదా, అదే రెండవ ప్రతియని పలువురు తలంతురు. ఇట్టి ఏర్పాట్లలో అనేకము రెండు చోట్లను ఎల్లప్పుడు ఒకే రీతిగ ఉంచుటకు ఉద్దేశింపబడినవి. ఫోనులో చెరిపినది అచ్చటను చెరుగును. అది అద్దములోని ప్రతిబింబము వంటిది. మనిషి ప్రక్కకు తొలగినచో ప్రతిబింబమును తొలగును. నిజమైన రక్షక ప్రతి, అసలు చెడినను తాను చెడకుండ విడిగ నిలుచునది. దుష్ట ప్రోగ్రాములు కంప్యూటరులో చొరబడి ఫైళ్ళను తాళము వేయు ఈ దినములలో, యంత్రము నుండి ఊడదీసి ఉంచిన ప్రతి మరింత అవసరము.

తాళము చెవి

రాగిరేకుల కథలో మరియొక పాఠము మిగిలియున్నది. రేకు ఉండుట వేరు, చదువగలుగుట వేరు. పాత లిపిని, పాత భాషను ఎరిగిన పండితులు దొరకినందువలననే ఆ పాటలు మరల పలికినవి. డిజిటల్ రచనకును ఇట్టి తాళము చెవి కలదు.

కంప్యూటరు ప్రతి అక్షరమును ఒక సంఖ్యగ దాచుకొనును. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణము ప్రపంచమందలి లిపులతో బాటు తెలుగునకును సొంత సంఖ్యలు కేటాయించినది. దాని ప్రకారము ‘అ’ అనగా 3077, ‘క’ అనగా 3093. ఏ దేశములోని యంత్రమైనను ఆ సంఖ్యను చూచి ఆ అక్షరమునే చూపును. కాని యూనికోడ్ వాడుకలోనికి వచ్చుటకు ముందును, వచ్చిన పిమ్మట చాలకాలము వరకును, మన డీటీపీ కేంద్రములలో వేరు పద్ధతి నడచినది. ఆంగ్లాక్షరముల సంఖ్యలపైననే తెలుగు అక్షరముల రూపములను తొడిగెడివారు. ఆ అక్షరరూపముల ఫైలు కంప్యూటరులో ఉన్నంత వరకు తెలుగు కనబడును. లేనిచో అర్థము లేని ఆంగ్లాక్షరములు, గుర్తులు కనబడును. అట్లు కూర్చిన కవితాసంపుటములు, స్థానిక చరిత్రలు, పాఠశాల సంచికలు నేటికిని ఎందరి యిండ్లలోనో సీడీలలో పడియున్నవి. అక్షరములన్నియు చెక్కుచెదరక ఉన్నను చదువువారికి తాళము చెవి లేదు. వానిని యూనికోడులోనికి మార్చు సాధనములు నేడు కలవు. పాత యంత్రములు, ఆ రూపములను ఎరిగిన పనివారు ఇంకను అందుబాటులో ఉన్నప్పుడే ఈ పని చేయవలెను. ఆలస్యమైనచో రాగిరేకులకు దొరకిన అదృష్టము వీనికి దొరకకపోవచ్చును.

చేయవలసిన పని

ఉన్నత పాఠశాలలలో దీనిని ఒక అభ్యాసముగ చేయించుట సులభము. ప్రతి విద్యార్థి తన రచననో, చిత్రమునో, అవ్వ పాడిన పాట రికార్డునో ఒకదానిని ఎన్నుకొనవలెను. దానికి మూడు ప్రతులు తీసి, ఒకటి తన యింటను, ఒకటి పాఠశాలలోను, ఒకటి వేరొక ఊరి బంధువుల వద్దను ఉంచవలెను. పాట అయినచో మాటలతో బాటు పాడినవారి పేరు, ఊరు, తేదీ, సందర్భము కూడ వ్రాసి చేర్చవలెను. అవి లేని రికార్డు, బాణీ లేని రాగిరేకు వంటిది. ఆరు నెలలకొకసారి మూడు ప్రతులను తెరచి చదివి చూడవలెను. ఐదారేండ్లకొకసారి క్రొత్త సాధనములోనికి ఎత్తి వ్రాయవలెను. మన తాతలు తాటాకు జీర్ణమగుటకు ముందే చేసిన పని ఇదియే. వారికి ఒక గ్రంథమునకు నెలలు పట్టెడిది. మనకు కొన్ని నిమిషములు చాలును.

1919లో మదనపల్లె కళాశాలలో ఆ పని జరుగుటకు గొప్ప సాధనములేవియు అవసరము కాలేదు. ఒక కాగితము, ఒక కలము, పాడిన కవి ఊరు దాటకముందే వ్రాసికొనవలెనను మెలకువ, అంతే కావలసివచ్చినవి.